హైదరాబాద్ నుంచి డాలస్ 14,400 కిలోమీటర్లే అంట, మరి టికెట్‌లో 24 గంటలు ఏంటి?

గుంటూరు_మిర్చి
అమ్మానాన్నలకి జనవరి 18, శనివారం తెల్లవారుజాముకి డాలస్ టికెట్ చూస్తున్నా. మొదటిసారి వస్తున్నారు. నాన్నకి 71, అమ్మకి 66, అమ్మకి మోకాళ్ళ నొప్పులు, షుగర్ కూడా. నెట్‌లో కొడితే శంషాబాద్ నుంచి డాలస్‌కి తిన్నగా 14,400 కిలోమీటర్లు అని వచ్చింది. విమానం గంటకి 900 పోద్ది కదా, భాగిస్తే 16 గంటలు. మరి టికెట్లన్నీ 23, 24, 27, చవగ్గా ఉందని నొక్కిన ఒకటైతే 31 గంటలు చూపిస్తున్నాయి. ఇంకో తమాషా, ఇటొచ్చేటప్పుడు 23 గంటల 40 నిమిషాలు చూపించిన రూటే తిరుగు టికెట్‌లో 21 గంటలు చూపిస్తోంది. రెండువైపులా అదే దూరం కదా, భూమి ఏమన్నా ఏటవాలుగా ఉందా? దూరం తక్కువున్న రూట్ ఏదో చెప్పండి, అదే కొనేస్తా, అమ్మ అంతసేపు కూర్చోలేదు.

నైట్‌షిఫ్ట్_నరసయ్య
ఏటవాలే. డాలర్లు అటున్నాయి కాబట్టి అటు ఎక్కడం కష్టం, ఇటు దిగడం తేలిక.

లెక్కల_మాస్టారు
14,400 అనేది గ్లోబు మీద దారం లాగిపట్టి కొలిచిన దూరం. ఆ దారం మీద ఇప్పుడు ఏ విమానమూ పోవట్లేదు, హైదరాబాద్ డాలస్ మధ్య నాన్‌స్టాప్ లేదు కాబట్టి ఎక్కడో ఒకచోట దిగి ఎక్కాల్సిందే. పొద్దున కాఫీ తాగుతూ ఒక్కో రూటూ లెక్కేశా, అన్నీ రమారమి అనుకోండి. దుబాయ్ మీదుగా అయితే 2,550 ఒక ముక్క, 12,920 ఇంకో ముక్క, కలిపి 15,470. దోహా మీదుగా 15,660. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 7,120, 8,260 కలిపి 15,380. లండన్ మీదుగా కూడా అంతే, 15,380.
ఎటు పోయినా తేడా 300 కిలోమీటర్ల లోపే, అంటే ఇరవై నిమిషాల పని. తిన్నగా పోయేదాని మీద వెయ్యి చిల్లర ఎక్కువ, అది గంట పైన. కాబట్టి దూరం చూసి రూట్ ఎంచుకోవడం దండగ. మీ 24 గంటల్ని తినేసేది మధ్యలో కూర్చునే టైము, ఎదురుగాలి.

గుంటూరు_మిర్చి
ఒక్క నిమిషం మాస్టారూ. దుబాయ్ పక్కనే ఉంది, ఫ్రాంక్‌ఫర్ట్ ఎక్కడో పైన ఉంది. మ్యాప్‌లో చూస్తే ఒకటి అడ్డదారి ఒకటి చుట్టుదారి లాగా ఉన్నాయి, రెండూ ఒకటే ఎట్లా అవుతాయి?

విండో_సీట్
గోడ మీద మ్యాప్ చూసే అందరూ మోసపోయేది. ఆ మ్యాప్‌లో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తది, నిజానికి ఆఫ్రికాలో పద్నాలుగు గ్రీన్‌లాండ్‌లు పడతాయి. పైకి పోయేకొద్దీ సాగదీసి గీస్తారు మరి. దుబాయ్ నుంచి డాలస్ పోయేది కూడా అట్లాంటిక్ మధ్యలోంచి పోదు, దాని దగ్గరి దారి 67 డిగ్రీల ఉత్తరం దాకా ఎక్కి గ్రీన్‌లాండ్, కెనడా మీద నుంచి కిందికి దిగుద్ది. దుబాయ్ అయినా ఫ్రాంక్‌ఫర్ట్ అయినా అందరం చివరికి కెనడా మంచు చూసుకుంటూనే వస్తాం.
ఇంకో సంగతి. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు, డాలస్ 97 డిగ్రీల పడమర, కలిపితే 175. అంటే దాదాపు భూమికి సరిగ్గా అవతలి వైపు. కాబట్టి ఈ రెండిటి మధ్య దారం లాగితే ఉత్తర ధ్రువానికి ఓ 500 కిలోమీటర్ల పక్కనుంచి పోద్ది. శంషాబాద్‌లో లేచి ముక్కుసూటిగా ఉత్తరానికి పోతూ ఉంటే కాసేపటికి అదే దక్షిణం అయిపోద్ది, ముందు డాలస్ కనిపిస్తది.

కరీంనగర్_పిల్లగాడు
గివన్నీ ఎందుకన్నా, భూమి తిరుగుతది గదా, విమానం పైకి లేసి ఆడనే ఆగితే డాలసే కిందికి రావాలె. పన్నెండు గంటలల్ల పని అయిపాయె.

నైట్‌షిఫ్ట్_నరసయ్య
పెట్రోల్ కూడా మిగులుద్ది. ఎవరన్నా పేటెంట్ చేయించండ్రా బాబూ.

లెక్కల_మాస్టారు
గాలి కూడా భూమితోపాటే తిరుగుద్ది నాయనా. పోయే బస్సులో ఎగిరిన ఈగ వెనక అద్దానికి గుద్దుకుంటుందా?

కరీంనగర్_పిల్లగాడు
ఈగల సంగతి నాకెర్కే మాస్టారూ, మా ఊరి బస్సుల మనుషులకంటె అవే ఎక్వ.

ర్యాంప్_బాబాయ్
ఇరవై రెండేళ్ళు ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ డ్యూటీ చేశా, ఆ తిరుగు టికెట్ సంగతి నేను చెప్తా. విమానాలు పోయే ఎత్తులో, అంటే పది పన్నెండు కిలోమీటర్ల పైన, పడమర నుంచి తూర్పుకి ఒక గాలి ఏరులాగా పారుతూ ఉంటుంది, జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో ఇంకా జోరు, గంటకి 200 కిలోమీటర్లు దాటడం మామూలే. అమెరికా పోయేటప్పుడు దానికి ఎదురీదాలి, వచ్చేటప్పుడు అదే వెనకనుంచి తోస్తది. అందుకే గల్ఫ్ నుంచి డాలస్‌కి పోయేటప్పుడు పదహారు గంటల పైన, వచ్చేటప్పుడు పదిహేను లోపు. మీరు జనవరి అంటున్నారు, ఎదురుగాలి గట్టిగా ఉండే నెలే.
ఈ గాలి విలువ ఎంతో తెలియాలంటే ఢిల్లీ శాన్‌ఫ్రాన్సిస్కో కథ చూడండి. ఎయిర్ ఇండియా 2015 డిసెంబర్‌లో అది మొదలుపెట్టినప్పుడు అట్లాంటిక్ వైపు నుంచి పోయేది, 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబర్‌లో దాన్ని పసిఫిక్ వైపు తిప్పారు. అటు 15,300 కిలోమీటర్లు, అంటే 1,400 ఎక్కువ. కానీ గాలి వెనకనుంచి తోయడంతో పద్నాలుగున్నర గంటల్లో దింపేశారు, పాత దారి కన్నా ముందే. దూరం పెరిగింది, టైము తగ్గింది. ఇక కిలోమీటర్లు లెక్కేసుకుని ఏం చేస్తారు?
ఇంకోటి, టికెట్ మీద రాసే టైము చక్రాలు కదిలినప్పటి నుంచి చక్రాలు ఆగేదాకా. అందులో రన్‌వే దాకా పాకడం, క్యూలో నిలబడటం, దిగాక గేటు దాకా పోవడం అన్నీ ఉంటాయి. కాస్త ఎక్కువే వేసి రాస్తారు కూడా, అందుకే ఒక్కోసారి ఆలస్యంగా లేచినా టైముకే దిగామని అనౌన్స్ చేస్తారు, మనం చప్పట్లు కొడతాం.

కడప_కారం
చప్పట్లు కొట్టేది మనోళ్ళే బాబాయ్, ఇంకా చక్రం ఆగకముందే పైన బ్యాగులు దించేదీ మనోళ్ళే.

మెల్‌బోర్న్_మామయ్య
మీ బాధలు చూస్తే జాలేస్తోంది. మాకు హైదరాబాద్ నుంచి 9,200 కిలోమీటర్లు, సింగపూర్‌లో దిగి ఎక్కినా 9,330. అంటే సింగపూర్ సరిగ్గా దారిలోనే ఉంది. నాలుగున్నర గంటలు, తర్వాత ఏడున్నర గంటలు, మధ్యలో రెండు గంటలు చెట్లూ చేపలూ చూస్తే చాలు, రాత్రి ఎక్కితే మర్నాడు సాయంత్రానికి ఇంట్లో పప్పన్నం.

నైట్‌షిఫ్ట్_నరసయ్య
మామయ్యా, డాలస్ గురించి అడిగితే మెల్‌బోర్న్ రియల్ ఎస్టేట్ అమ్ముతున్నారు.

గుంటూరు_మిర్చి
సరే, దూరం వదిలేశా. అయితే మధ్యలో టైము తక్కువున్నది తీసుకుంటే సరిపోద్దా? ఒకటి కేవలం గంట 25 నిమిషాల లేఓవర్‌తో 22 గంటల చిల్లరకే అయిపోతోంది, రేటు కూడా బాగానే ఉంది.

ఫ్రిస్కో_పిన్ని
ఆ పని మాత్రం చెయ్యకు బాబూ. మా అత్తయ్య మామయ్య వచ్చినప్పుడు నేనూ నీలాగే తెలివిగా గంటా ఇరవై నిమిషాలది తీసుకున్నా. ఏ ఎయిర్‌లైన్ అని అడక్కండి. హైదరాబాద్‌లోనే యాభై నిమిషాలు ఆలస్యంగా లేచింది. యూరప్‌లో దిగేసరికి వీల్‌చైర్ మనిషి రాలేదు, విమానం అంతా ఖాళీ అయ్యేదాకా వీళ్ళని కూర్చోబెట్టారు, మళ్ళీ సెక్యూరిటీ, మామయ్య గారి నడుముకున్న బెల్టు విప్పించారు, అది నొప్పికి కట్టుకునే బెల్టు, ఆయనేమో వీళ్ళు తప్పుగా అనుకుంటున్నారని తెలుగులో అందరికీ వివరిస్తూ కూర్చున్నారు. గేటు దగ్గరికి పోయేసరికి తలుపు వేసేశారు. తర్వాతి విమానం మర్నాడు. హోటల్‌కి పంపడానికి వీసా లేదు కాబట్టి ఆ రాత్రి కుర్చీల మీదే. నాకు ఫోన్ చేయడానికి వైఫై పెట్టుకోవడం రాదు. పక్కన కూర్చున్న పంజాబీ అబ్బాయి తన ఫోన్ ఇచ్చాడు కాబట్టి తెలిసింది, లేకపోతే నేను ఇక్కడ డాలస్ ఎయిర్‌పోర్టులో పూలబొకే పట్టుకుని నిలబడి ఉన్నా. 22 గంటల ప్రయాణం 46 గంటలైంది. అత్తయ్య గారు ఇప్పటికీ ఆ బొకే గురించే అడుగుతారు, ఏమైందే అని.
పెద్దవాళ్ళకి మూడు నుంచి నాలుగున్నర గంటలు ఉండాలి. బాత్రూమ్‌కి పోయి, కాళ్ళు చాపి, డబ్బాలో పెట్టుకున్న పులిహోర తిని, నెమ్మదిగా పోతారు.

కడప_కారం
నాలుగున్నర ఎందుకక్కా, మా నాయన ఆరు గంటలు కూర్చోలేక ఎయిర్‌పోర్టంతా తిరిగి తప్పిపోయినాడు. రెండున్నర చాలు, వీల్‌చైర్ ఉంటే వాళ్ళే క్యూలు తప్పించి తీసకపోతారు.

ఫ్రిస్కో_పిన్ని
వీల్‌చైర్ వస్తే కదా తమ్ముడూ! టికెట్ కొనేటప్పుడే అడిగి పెట్టుకోవాలి, ప్రయాణానికి రెండు రోజుల ముందు ఫోన్ చేసి మళ్ళీ అడగాలి. నేను రెండోది చెయ్యలేదు.

ర్యాంప్_బాబాయ్
రెండున్నరకీ మూడున్నరకీ మధ్య పెట్టుకోండి, ఇద్దరి గొడవా తీరుద్ది. ముఖ్యమైంది, అంతా ఒకే బుకింగ్ మీద ఉండాలి. విడివిడిగా రెండు టికెట్లు కొంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా వాళ్ళకి బాధ్యత లేదు, మీ డబ్బు పోయినట్టే. ఆ 31 గంటలదాంట్లో అమెరికా లోపల ఇంకో మార్పు ఉందా చూడండి.

గుంటూరు_మిర్చి
ఉంది బాబాయ్, షికాగోలో. 18 వేలు తక్కువ.

ర్యాంప్_బాబాయ్
వదిలెయ్. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమ్మిగ్రేషన్, అక్కడే పెట్టెలన్నీ తీసుకుని కస్టమ్స్ దాటి మళ్ళీ బెల్టు మీద వెయ్యాలి, తర్వాత మళ్ళీ సెక్యూరిటీ, బహుశా ఇంకో టెర్మినల్. ఇద్దరు పెద్దవాళ్ళు, నాలుగు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. 18 వేలకి ఆ కష్టం కొనుక్కుంటారా?

విండో_సీట్
షికాగో అంటే గుర్తొచ్చింది, 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకి నాన్‌స్టాప్ వేశారు ఎయిర్ ఇండియా వాళ్ళు, 13,300 కిలోమీటర్లు. ఎక్కువ కాలం నడవలేదు. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి మొదటి నాన్‌స్టాప్ ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది, కాక్‌పిట్‌లో నలుగురూ మహిళా పైలట్లే. అది దాదాపు 14 వేల కిలోమీటర్లు, కాబట్టి మన 14,400 కూడా విమానానికి చేతకాని పని ఏమీ కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 రోజూ పోతున్నారు, పద్దెనిమిది గంటల పైన.

కరీంనగర్_పిల్లగాడు
మరి మనకెందుకు ఎయ్యరు? డాలస్‌ల సగం మనోళ్ళేనాయె.

ర్యాంప్_బాబాయ్
అంత దూరం పోవాలంటే ఇంధనమే బోలెడు మోయాలి. మొదటి సగం ప్రయాణం రెండో సగానికి కావాల్సిన ఇంధనాన్ని మోయడానికే సరిపోద్ది అన్నట్టుంటుంది. ఆ ఖర్చు రాబట్టాలంటే ముందు వరుసల్లో బిజినెస్ క్లాస్ నిండాలి. మనవాళ్ళు వెనక సీట్లు నింపుతారు, అదీ పది వెబ్‌సైట్లు చూసి. తప్పు పట్టట్లేదు, నేనూ అంతే. మళ్ళీ ధ్రువం దగ్గర పోతే ఏదన్నా అయితే దిగడానికి చోటు చూసుకోవాలి. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పోయే విమానం ఇంజిన్ ఇబ్బందితో రష్యాలో మగదాన్‌లో దిగింది, జనం అక్కడ స్కూలు గదుల్లో నేల మీద పరుపులేసుకుని పడుకున్నారు. అమెరికా ఎయిర్‌లైన్లకి 2022 నుంచి రష్యా మీద ఎగరడానికే లేదు. తిన్నటి దారి ఉంది కానీ, గేటుకి తాళం ఉందనుకోండి.

బేగంపేట_బ్యాచ్_98
పిల్లలు 24 గంటలకి ఏడుస్తుంటే నవ్వొస్తోంది. 1998లో వైటూకే ఉద్యోగానికి నేను డాలస్ వచ్చినప్పుడు శంషాబాద్ ఎక్కడిది, అది 2008లో కదా తెరిచింది. బేగంపేటలో ఎక్కి బొంబాయి, అక్కడ దేశీయ టెర్మినల్ నుంచి అంతర్జాతీయానికి బస్సు, అర్ధరాత్రి దాకా పెట్టె మీద కూర్చోవడం, తర్వాత యూరప్, తర్వాత న్యూయార్క్, అక్కడి నుంచి డాలస్. నాలుగు విమానాలు. పెట్టెలో ఆవకాయ సీసా పగిలి డాలస్‌లో బెల్టు మీద నా పెట్టె నూనె కార్చుకుంటూ వచ్చింది, దూరం నుంచే గుర్తుపట్టా. ఎన్ని గంటలైందో లెక్కపెట్టుకునే ఓపిక కూడా లేదు, చేరానని మా నాన్నకి రెండు నిమిషాలు ఫోన్ చేయడానికి రూమ్మేట్ కాలింగ్ కార్డు అడుక్కున్నా.

నైట్‌షిఫ్ట్_నరసయ్య
అంకుల్, ఆవకాయ మాత్రం ఇప్పటికీ కారుతోంది. ఆ టెక్నాలజీ అక్కడే ఆగింది.

కడప_కారం
ఢిల్లీ మీదుగా పోతే పోలా? మన దేశంలోనే ఇమ్మిగ్రేషన్, హిందీ అయినా వచ్చు.

విండో_సీట్
జనవరిలో ఢిల్లీనా? పొగమంచుకి రన్‌వే కనపడక విమానాలు గంటలు గంటలు ఆగుతాయి. వేసవిలో అయితే ఆలోచించవచ్చు.

ఫ్రిస్కో_పిన్ని
మందుల సంగతి ఎవరూ చెప్పలేదు. అమ్మగారికి షుగర్ అన్నావు, మాత్రలు, ఇన్సులిన్ ఉంటే అదీ చేతిసంచిలోనే, చీటీతో సహా. చెకిన్ పెట్టెలో వద్దు. పదకొండున్నర గంటల టైము తేడా వస్తుంది కాబట్టి ఏ పూట మాత్ర ఎప్పుడు వేసుకోవాలో బయల్దేరే ముందే మీ డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాయించుకో, ఇండియా టైము ప్రకారం. చేతి గడియారం ఒకటి ఇండియా టైములోనే ఉంచమను. షుగర్ భోజనం ముందే చెప్పుకోవచ్చు, చప్పగా ఉంటుంది, పర్లేదు. రెండు గంటలకోసారి లేచి నడవాలి, అమ్మగారికి నడవా పక్క సీటు తీసుకో.

గుంటూరు_మిర్చి
పదకొండున్నరా? నేను పదిన్నర అనుకున్నా. రోజూ ఫోన్ చేసేది పదిన్నర లెక్కనే.

లెక్కల_మాస్టారు
వేసవిలో పదిన్నర, నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా పదకొండున్నర. ఆ అర్ధగంట మన దేశం పెట్టింది, ఆ గంట వేసవికి వాళ్ళు గడియారం ముందుకి తిప్పేది. అందుకే శంషాబాద్‌లో తెల్లవారి 4 గంటలకి ఎక్కి 23 గంటల 40 నిమిషాలు పోయినా డాలస్‌లో సాయంత్రం 4 గంటల 10 నిమిషాలు, అదీ అదే శనివారం.

గుంటూరు_మిర్చి
ఇంకో చిక్కొచ్చింది అయితే. నాన్న శనివారాలు ఒంటిపూట భోజనం చేస్తారు, వెంకటేశ్వరస్వామికి. నలభై ఏళ్ళ నుంచి తప్పలేదు.

లెక్కల_మాస్టారు
అయితే ఆయన శనివారం గుంటూరులో మొదలై డాలస్ అర్ధరాత్రికి అవుద్ది. ఇరవై నాలుగుకి పదకొండున్నర కలుపు, ముప్పై ఐదున్నర గంటల శనివారం.

కరీంనగర్_పిల్లగాడు
స్వామికే అయ్యో అనిపిస్తది.

బేగంపేట_బ్యాచ్_98
పంచాంగం ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరిదే అంటారు మా గుడి పంతులు గారు. గాల్లో ఉంటే ఏ ఊరిదో అడగలేదు.

ర్యాంప్_బాబాయ్
అది పక్కనపెట్టి అసలు దూరం చూసుకో. గుంటూరు నుంచి శంషాబాద్. సంక్రాంతి అయ్యాక 17న అంటే ఊళ్ళకి పోయిన జనమంతా హైదరాబాద్‌కి తిరిగొచ్చే రోజులు. మామూలుగా ఐదారు గంటలు. ఆరోజు పంతంగి టోల్ దగ్గరే ఎంతసేపో చెప్పలేం. మధ్యాహ్నం తిని బయల్దేరొచ్చులే అనుకోవద్దు, పొద్దున్నే కదలమను. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కేస్తే సిటీలోకి పోనక్కర్లేదు.

గుంటూరు_మిర్చి
దుబాయ్ మీదుగా తీసేశా, లేఓవర్ 3 గంటల 20 నిమిషాలు, ఒకే బుకింగ్, రెండు వీల్‌చైర్లు. అమ్మకి నడవా సీటు. పిన్ని గారూ, రెండు రోజుల ముందు ఫోన్ కూడా చేస్తా.

ఫ్రిస్కో_పిన్ని
బొకే తీసుకెళ్ళకు.

గుంటూరు_మిర్చి
అమ్మానాన్న నిన్న సాయంత్రం చేరారు. లెక్క అడుగుతారని రాసిపెట్టా. శుక్రవారం పొద్దున 11కి గుంటూరులో ఇంటికి తాళం వేశారు (పొద్దున్నే అని నెత్తీనోరూ బాదుకున్నా, పక్కింటివాళ్ళు టిఫిన్‌కి ఆపారు). శంషాబాద్ చేరేసరికి రాత్రి 7, ఎనిమిది గంటలు. తెల్లవారి 4కి లేచింది. డాలస్‌లో దిగింది సాయంత్రం 4 గంటల 20 నిమిషాలకి, పది నిమిషాలు లేటు. బయటికొచ్చేసరికి 6. ఇంటి తలుపు తీసేసరికి 6 గంటల 50 నిమిషాలు. మాస్టారూ, తాళం నుంచి తలుపు దాకా 43 గంటల 20 నిమిషాలు, అందులో విమానం నడిచింది 20 గంటల 30 నిమిషాలు. ఎట్లా ఉంది ప్రయాణం అంటే నాన్న ఇంకా పంతంగి గురించే చెప్తున్నారు, విమానం ఊసే లేదు.

కరీంనగర్_పిల్లగాడు
శనివారం ఏమాయెనన్నా?

గుంటూరు_మిర్చి
దుబాయ్ దాటాక విమానంలో ఒకసారి భోంచేశారంట, అయిపోయింది అనుకున్నారు. ఇంటికొచ్చాక గోడ మీద క్యాలెండర్ చూసి ఇంకా శనివారమేనా అని అమ్మ మీద అరిచి రెండు చపాతీలు తిని పడుకున్నారు. ఆవకాయ కారలేదు, మాగాయ కారింది.

బేగంపేట_బ్యాచ్_98
పెట్టెకి ఉప్పు రాసి ఎండలో పెట్టు. ఎండ వస్తే.